చాలు చివరి చోటు

పాఠ్యభాగ పరిచయం

విత్తనం, నీరు, ఎరువు, పంట – వ్యవసాయాన్ని గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా మన దృష్టి వీటిమీదనే నిలుస్తుంది. నాగలి గాని, ట్రాక్టరు గాని ఒక చాలు ముగించి వెనుదిరిగే పొలం కొసను మనం అంతగా గమనించం. ఆ కొద్దిపాటి నేల భూమి కొలతలను, పొలాల ఆకారాలను, ఇరుగుపొరుగు సంబంధాలను ఏ విధంగా తీర్చిదిద్దిందో ఈ వ్యాసం వివరిస్తుంది. కంప్యూటరు తెరమీద సాగే కృత్రిమ వ్యవసాయంలో అదే సమస్య ఎట్లా ఎదురవుతుందో కూడ తెలియజేస్తుంది. నిత్యజీవితంలో కనిపించే చిన్న విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

నాగలి నడిచిన దారికి చాలు అని పేరు. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో దీనిని సాలు అని కూడ అంటారు. సంస్కృతంలో సీత అనే పదానికి నాగేటిచాలు అని అర్థం. జనక మహారాజు యాగభూమిని దున్నుతుండగా చాలులో లభించిన శిశువుకు ఆ పేరే సార్థకమైంది. ఆ జనకునికి సీరధ్వజుడని పేరు. బలరాముడు హలాయుధుడు. సీరమన్నా, హలమన్నా నాగలే. నాగలికీ, చాలుకూ ఇంతటి గౌరవమిచ్చిన మన వాఙ్మయంలో చాలు చివర ఏమి జరుగుతుందన్న ప్రశ్నకు తగినంత చోటు దొరకలేదు. ఎంత పొడవైన చాలైనా ఎక్కడో ఒకచోట ముగియక తప్పదు. అక్కడ కాడి తిరగాలి. తిరగడానికి చోటు కావాలి.

ఎద్దుల జత మలుపు తిరిగే తీరును పరిశీలించండి. పొలం కొసకు చేరగానే రైతు మేడి పట్టి నాగలిని పైకెత్తి కర్రును నేలనుండి తప్పిస్తాడు. లోపలివైపు ఎద్దు దాదాపు నిలిచిన చోటనే తిరుగుతుంది. వెలుపలి ఎద్దు పెద్ద అడుగులు వేస్తూ దాని చుట్టూ రావాలి. అవి తిరిగినంత మేర కర్రు నేలను తాకదు. పైగా ఆ నేల గిట్టల తొక్కిడికి గట్టిపడుతుంది. అందుచేత పొలమంతా నిలువుగా దున్నిన తరువాత, చిట్టచివర రెండు కొసలనూ అడ్డంగా దున్నుతారు.

ఒక చాలు ముగియగానే దానిని ఆనుకొని ఉన్న చాలునే పట్టాలంటే ఎద్దులను ఉన్నచోటనే వెనక్కి తిప్పాలి. ఇది వాటికి కష్టం. ఈ ఇబ్బందిని తొలగించడానికి మన రైతులు పొలాన్ని కొండ్రలుగా విభజించి దున్నేవారు. కొండ్ర అంటే ఒక విడతలో చుట్టి దున్నడానికి చాలుతో గుర్తించుకొన్న భాగం. ఒక అంచున పోయి, కొంత ఎడంగా ఉన్న రెండవ అంచున తిరిగివస్తూ, చుట్టుచుట్టుకూ లోపలికి జరుగుతారు. మలుపు విశాలమవుతుంది, ఎద్దులకు శ్రమ తగ్గుతుంది. బడి ముఖమెరుగని రైతు కూడ ఈ గణితాన్ని కాలి నడకతోనే సాధించాడు.

ఎద్దు మలుపు లిపి చరిత్రలో సైతం తన ముద్రను వేసింది. ప్రాచీన గ్రీకులు కొన్ని శాసనాలను ఒక పంక్తి ఎడమనుండి కుడికి, తరువాతి పంక్తి కుడినుండి ఎడమకు చెక్కారు. ఈ పద్ధతికి బూస్ట్రోఫీడన్ అని పేరు. దున్నే ఎద్దు తిరిగినట్లు అని ఆ మాటకు అర్థం. క్రీటు ద్వీపంలోని గోర్టిన్ న్యాయశాసనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇటువంటి రాతను చూడడానికి మనం అంత దూరం వెళ్లనక్కరలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్న అశోకుని లఘుశిలాశాసనంలో కొన్ని పంక్తులు ఈ విధంగానే అటునుండి ఇటు తిరిగివస్తాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దానికి చెందిన బ్రాహ్మీలిపిలో ఇది అరుదైన విశేషం. లాటిన్ భాషలో వెర్సుస్ అనే పదానికి మలుపు, నాగేటిచాలు, పంక్తి అనే అర్థాలు ఉన్నాయి. ఆంగ్లంలో పద్యానికి వాడే వర్స్ అనే మాట దానినుండి పుట్టినదే.

చాలు చివరి చోటు భూమి ఆకారాన్నే మార్చివేసిన సందర్భం మధ్యయుగాల ఇంగ్లండులో కనిపిస్తుంది. అక్కడి బరువు నేలలను దున్నడానికి పెద్ద నాగలి కావలసివచ్చేది. దానికి కొన్నిచోట్ల ఎనిమిది ఎద్దులను, జతల వెనుక జతలుగా కట్టేవారు. అంత పొడవైన వరుసను ఒక్కసారిగా తిప్పడం సాధ్యం కాదు. కాబట్టి పొలం కొసకు చేరకముందే ఎద్దులను ఎడమవైపు మళ్లించడం ప్రారంభించేవారు. ఏటేటా అట్లా దున్నడం వల్ల చాళ్లు నిటారుగా ఉండక, తిరగేసిన ఎస్ అక్షరం వలె వంపు తిరిగాయి. తరువాత పచ్చికబయళ్లుగా మారిన కొన్ని పొలాలలో ఆ వంపులు నేటికీ కనిపిస్తాయి. మలుపు చోటుల్లో కర్రుకు అంటిన మట్టి శతాబ్దాల తరబడి రాలి, ఆ అంచులు గట్ల మాదిరిగా ఎత్తు పెరిగాయి.

మలుపు కష్టమైనది గనుక, దానిని తగ్గించుకోవడానికి చాలును వీలైనంత పొడవుగా ఉంచారు. మనం వ్యవహారంలో వాడే ఫర్లాంగు అనే మాటకు మూలార్థం చాలు పొడవు. అది 220 గజాలు. సర్వేయర్ల గొలుసు పొడవు 22 గజాలు. క్రికెట్ పిచ్ పొడవు కూడ అంతే. ఫర్లాంగు పొడవు, గొలుసు వెడల్పు గల నేల 4,840 చదరపు గజాలవుతుంది. అదే ఎకరం. మన పట్టాదారు పుస్తకాలలో ఎకరాలు, సెంట్లు, గుంటలు అని రాసుకొనే లెక్క వెనుక ఎద్దులు తిరగలేక తిరిగిన ఆ మలుపు దాగి ఉన్నది.

ఈ ఎకరాన్నే ఉదాహరణగా తీసుకొని చిన్న లెక్క వేద్దాం. చాలుకు రెండు కొసలా అయిదేసి గజాల మలుపు చోటు కావాలనీ, పనిముట్టు ఒక విడతలో రెండు గజాల వెడల్పున నేలను దున్నుతుందనీ అనుకొందాం. పొలం 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉండి, పొడవు వెంట దున్నితే 11 విడతలు, 10 మలుపులు అవుతాయి. మలుపు చోటు 220 చదరపు గజాలు. అంటే నూటికి సుమారు నాలుగున్నర వంతు. అదే ఎకరం దాదాపు 70 గజాల చతురస్రంగా ఉంటే 34 మలుపులు తిరగాలి. మలుపు చోటు నూటికి 14 వంతులు దాటుతుంది. మొదటి పొలాన్నే అడ్డంగా దున్నితే 109 మలుపులు తప్పవు; మలుపు చోటు నూటికి 45 వంతులకు చేరుతుంది. నేల అదే, వైశాల్యం అదే, యంత్రం అదే. చాలు దిక్కు మారడం ఒక్కటే భేదం. మలుపు చోటు బీడుగా పోదన్నది నిజమే. కాని దానిని మళ్లీ అడ్డంగా దున్నాలి. చక్రాలు అక్కడ పదేపదే తిరుగుతాయి. నేల బిగిసి వేళ్లు లోతుకు దిగవు, నీరు ఇంకదు. అక్కడ సాధారణంగా పైరు పలచబడుతుంది. పైగా మలుపు తిరుగుతున్నంత సేపూ డీజిలు ఖర్చవుతుందే తప్ప పని సాగదు.

ఈ లెక్క కుటుంబ జీవితంలోకి ఎట్లా ప్రవేశిస్తుందో గమనించండి. నాలుగు వైపులా 220 గజాలున్న పది ఎకరాల పొలాన్ని అన్నదమ్ములిద్దరు పంచుకొంటున్నారనుకొందాం. చాళ్ల వెంట నిలువుగా గట్టు వేస్తే, ఇద్దరి మలుపు చోట్లు కలిసి వెనుకటివలె 2,200 చదరపు గజాలే. చాళ్లకు అడ్డంగా గట్టు వేసి, పాత దిక్కునే దున్నుకొంటే 4,400 చదరపు గజాలు. ఇద్దరికీ సమానంగా అయిదేసి ఎకరాలు వచ్చాయి. తగవు తీరిందని పెద్దలు లేచిపోతారు. కాని ఆ రోజు వేసిన గట్టు ప్రతి దుక్కిలోనూ ఇద్దరిచేతా మూల్యం చెల్లింపజేస్తూనే ఉంటుంది. నిలువుగా పంచడమే ఎల్లవేళలా మేలని కూడ చెప్పలేం. నేల వాలు, నీటి పారుదల, దారి వసతి – వీటిని కూడ చూడాలి. నిలువు పంపకం రెండు మూడు తరాలు సాగితే పొలం పట్టీలుగా చీలి, ట్రాక్టరు తన గట్టులోపల తిరగలేని స్థితి వస్తుంది.

వ్యవసాయ గణనల ప్రకారం మన దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు తగ్గింది. అంటే సుమారు అయిదున్నర ఎకరాలనుండి రెండు ఎకరాల అరవై ఏడు సెంట్లకు దిగివచ్చింది. కమతం చిన్నదవుతున్నది, దున్నే యంత్రం పెద్దదవుతున్నది. ఈ రెండూ ఎదురుపడే చోటు పొలం కొసయే.

తన పొలంలో చోటు చాలనప్పుడు రైతు పొరుగువాని చేలోకి వెళ్లి తిరగక తప్పదు. ఇది కొత్త సమస్య కాదు. ఇంగ్లండులోని పాత ఉమ్మడి పొలాలలో చాళ్ల కొసన అడ్డంగా ఉన్న పట్టీ వేరొక రైతుదై ఉండేది. తక్కినవారి ఎద్దులు దానిమీద తిరిగేవి. కాబట్టి ఆ పట్టీ యజమాని అందరి దుక్కీ పూర్తయ్యేవరకు వేచి ఉండి, చివర తన నేల దున్నుకోవలసివచ్చేది. జర్మన్ భాష మాట్లాడే ప్రాంతాలలో నాగలిని పొరుగు నేలమీద తిప్పుకొనే హక్కుకు ప్రత్యేకమైన పేరే ఉన్నది. 1907లో రూపొందిన స్విట్జర్లాండ్ పౌరస్మృతి ఆ హక్కును పేర్కొని, వివరమైన నిబంధనలు చేసుకొనే అధికారాన్ని కాంటన్లనే ప్రాంతీయ ప్రభుత్వాలకు విడిచిపెట్టింది.

మన గ్రామాలలో ఈ వ్యవహారం ఎక్కువగా మాటమీదనే నడుస్తుంది. “అన్నా, నీ చేను విత్తకముందే మాది దున్నించుకొంటాను. రెండు రోజులు ఓర్చుకో” అని ఒకరంటారు. “అట్లాగే కానియ్యి తమ్ముడూ. బండి తిరిగిన చోట నేల గట్టిపడుతుంది, నువ్వే ఒకసారి దున్నించి పో” అని రెండవవారంటారు. ఈ రెండు మాటలలో హక్కు ఉన్నది, బాధ్యత ఉన్నది, కాలనియమమూ ఉన్నది. ఏరువాక వేళ వాన పడి, అందరికీ ఒకేసారి పదును వచ్చినప్పుడు ఈ మాటకు పరీక్ష ఎదురవుతుంది. ఒకరు తొందరపడి ముందుగా విత్తితే రెండవవారికి తిరిగే చోటు ఉండదు. మొలకలమీద చక్రం పడితే తరాల స్నేహం తగవుగా మారుతుంది. గట్టు తగాదాలన్నీ గట్టు కోసమే పుట్టవు. వాటిలో కొన్ని మలుపు కోసం పుట్టినవి.

మలుపు చోటు ప్రాణరక్షణకు సంబంధించిన విషయం కూడ. సాధారణంగా ట్రాక్టరుకు కుడి, ఎడమ వెనుక చక్రాలకు వేరువేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో లోపలివైపు చక్రాన్ని మాత్రమే ఆపితే యంత్రం ఇరుకు చోటులో తిరుగుతుంది. కాని రోడ్డెక్కేముందు ఆ రెండు పెడళ్లనూ కొక్కెంతో కలిపి తీరాలి. మరచిపోయి వేగంగా పోతూ ఒక పెడలును నొక్కితే బండి ఒకవైపుకు ఈడ్చుకొనిపోయి బోల్తాపడవచ్చు. కాలువ గట్టు, నేలబావి, వాగు ఒడ్డు – వీటి దగ్గర మట్టి వదులుగా ఉంటుంది. గుంట ఎంత లోతు ఉన్నదో కనీసం అంత దూరంలో చక్రం ఉండాలన్నది భద్రతా నిపుణులు చెప్పే నియమం. నాలుగు చాళ్ల పంటకు ఆశపడి బావి అంచువరకు దున్నిన చోట ఆ దూరం మిగలదు. అటువంటి చోట నేలను విడిచిపెట్టడం నష్టం కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. యంత్రాన్ని నడపడం కూడ నేర్చుకోదగిన విద్య అని అటువంటి సంస్థలు గుర్తుచేస్తాయి.

ఇక గణితశాస్త్రం ఈ మలుపును ఏ విధంగా చూసిందో తెలుసుకొందాం. ఒక పరిమితికి లోపల వంపు తిరగలేని వాహనం ఒక స్థానంనుండి మరొక స్థానానికి, కోరిన దిక్కుకు ముఖం ఉండేటట్లు చేరాలంటే అతిచిన్న దారి ఏది? ముందుకు మాత్రమే పోయే వాహనానికి ఈ ప్రశ్నకు 1957లో డూబిన్స్ సమాధానం చెప్పాడు. ఆ దారిలో వృత్తఖండాలు, సరళరేఖలు కలిసి మూడు ముక్కలకు మించి అవసరం లేదని నిరూపించాడు. వెనుకకు కూడ నడవగల వాహనానికి 1990లో రీడ్స్, షెప్ అనే గణితవేత్తలు సమాధానాన్ని విస్తరింపజేశారు.

నాలుగు గజాల వ్యాసార్ధంలో తిరగగల ట్రాక్టరు, రెండు గజాల ఎడంలో ఉన్న పక్క చాలును పట్టాలనుకొందాం. ముందుకే నడుస్తూ తిరిగితే ఆ దారి బుడగ వలె ఉబ్బి, పొలం కొసన పది గజాలకు పైగా లోతును ఆక్రమిస్తుంది. వెనుకకు నడిపితే చోటు తగ్గుతుంది. కాని ఆగడం, గేరు మార్చడం, మళ్లీ కదలడం వల్ల కాలం పెరుగుతుంది. పక్క చాలును పట్టక, మధ్యలో మూడు చాళ్లను విడిచి నాలుగవ దానిని పడితే దారి నిండైన అర్ధవృత్తమవుతుంది. అప్పుడు నాలుగు గజాల లోతు చాలు. విడిచిన చాళ్లను తరువాత పూర్తిచేయవచ్చు. కొండ్ర పద్ధతిలో మన రైతు చేసినది సరిగా ఇదే. ఉపగ్రహాల సాయంతో తనంతట తాను నడిచే ట్రాక్టరుకు దారిని రూపొందించే నిపుణులు కూడ ఈ ఉపాయాన్నే వాడుతున్నారు.

ఇటువంటి దారులను పొలంలో పరీక్షించేముందు కంప్యూటరులో పరీక్షించి చూస్తారు. దీనినే అనుకరణ లేదా సిమ్యులేషన్ అంటారు. అనుకరణ వ్యవసాయం వినోదంగా కూడ వ్యాపించింది. స్విట్జర్లాండుకు చెందిన జెయింట్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ రూపొందించిన ఫార్మింగ్ సిమ్యులేటర్ అనే ఆట 2008లో మొదటిసారి వెలువడింది. 2024లో వచ్చిన కూర్పులో వరి సాగు, ఉపగ్రహ మార్గదర్శనం కూడ చేరాయి. ఈ ఆటలో పొలం దున్నడానికి పనివానిని నియమించుకోవచ్చు. కంచె, చెట్లు పొలాన్ని ఆనుకొని ఉంటే ఆ పనివాడు కొసన తిరగలేక చిక్కుకొనిపోవచ్చు. అప్పుడు ఆటగాడు స్వయంగా కొసలు దున్నుకొంటాడు, లేదా చెట్టును తొలగిస్తాడు. ఆటగాళ్లు తయారుచేసుకొన్న కోర్స్‌ప్లే అనే అనుబంధంలో పొలం అంచు వెంట ఎన్ని చుట్లు వేయాలో ముందుగానే నిర్ణయించుకొనే వీలున్నది. నాగలి పట్టి ఎరుగని పట్టణ యువకుడు కూడ ఈ విధంగా చాలు చివరి చోటు విలువను తెలుసుకొంటున్నాడు. ఇది తక్కువ ప్రయోజనం కాదు.

అయినా ఆటలో మలుపు చౌక. యంత్రం ఇరుక్కుంటే దానిని ఒక్క మీటతో దుకాణం వద్దకు చేర్చవచ్చు. బోల్తాపడినా ఎవరికీ దెబ్బ తగలదు. తొక్కిన పైరును గురించి అడగడానికి గట్టు అవతల మనిషి లేడు. అనుకరణ దూరాన్ని, వ్యాసార్ధాన్ని, కాలాన్ని చక్కగా కొలుస్తుంది. ఓర్పును, మాటను, భయాన్ని కొలవడం దాని పని కాదు. కాబట్టి తెరమీద నేర్చిన దానిని నేలమీదకు తెచ్చేటప్పుడు ఈ భేదాన్ని మనసులో ఉంచుకోవాలి.

పొలం పంచుకొనే రోజున ఎన్ని సెంట్లు వచ్చాయని మాత్రమే కాక, చాలు ఎటు నడుస్తుంది, ఎక్కడ తిరుగుతుంది అని కూడ అడగడం మంచిది. కొసన చోటు విడిచినవాడు నేలను పోగొట్టుకొన్నట్లు కనిపిస్తాడు. నిజానికి మిగిలిన చాళ్లన్నీ నిటారుగా సాగడానికి ఆ చోటే ఆధారం. పొరుగువానికి తిరిగే చోటిచ్చినవాడు మరుసటి ఏడు తన కాడి తిరగడానికి చోటు సంపాదించుకొన్నవాడవుతాడు.

కఠిన పదాలు – అర్థాలు

సీరము, హలము = నాగలి
మేడి = నాగలిని పట్టుకొనే పిడి
కర్రు = నేలను చీల్చే నాగలి ఇనుప మొన
కొండ్ర = ఒక విడతలో దున్నడానికి చాలుతో గుర్తించిన భాగం
కమతం = ఒక రైతు సాగుచేసే మొత్తం భూమి
పదును = దున్నడానికి, విత్తడానికి తగిన తడి
ఏరువాక = తొలకరి దుక్కి ప్రారంభం
వ్యాసార్ధం = వృత్త కేంద్రంనుండి అంచుకు గల దూరం

అభ్యాసం

అ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సీత అనే పదానికి అర్థమేమి?
2. ఫర్లాంగు పొడవు ఎన్ని గజాలు?
3. ఎద్దు తిరిగినట్లు చెక్కిన పంక్తులు అశోకుని ఏ శాసనంలో ఉన్నాయి?
4. ట్రాక్టరు రోడ్డెక్కేముందు బ్రేకు పెడళ్లను ఏమి చేయాలి?

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కొండ్ర పద్ధతిలో దున్నడం వల్ల కలిగే సౌకర్యమేమి?
2. ఇంగ్లండులో చాళ్లు వంపు తిరగడానికి కారణమేమి?
3. పొలం పంపకంలో గట్టు దిక్కు ఎందుకు ముఖ్యమైనది?

ఇ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చాలు చివరి చోటు భూమి కొలతలను, ఇరుగుపొరుగు సంబంధాలను ప్రభావితం చేసిన తీరును వివరించండి.
2. నిజమైన వ్యవసాయానికీ, అనుకరణ వ్యవసాయానికీ గల పోలికలను, భేదాలను చర్చించండి.

ఈ) సంధులు
హలాయుధుడు = హల + ఆయుధుడు – సవర్ణదీర్ఘ సంధి
చిట్టచివర = చివర + చివర – ద్విరుక్తటకారాదేశ సంధి
పొలమంతా = పొలము + అంతా – ఉత్వ సంధి

ఉ) సమాసాలు
నాగేటిచాలు = నాగలి యొక్క చాలు – షష్ఠీ తత్పురుష సమాసం
సీరధ్వజుడు = సీరము ధ్వజముగా గలవాడు – బహువ్రీహి సమాసం
అన్నదమ్ములు = అన్నయును, తమ్ముడును – ద్వంద్వ సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీకు తెలిసిన ఒక పొలం పొడవు, వెడల్పులను అడుగులతో కొలిచి, నిలువుగా దున్నితే ఎన్ని మలుపులు, అడ్డంగా దున్నితే ఎన్ని మలుపులు అవుతాయో లెక్కించండి. ఆ పొలం రైతుతో మాట్లాడి, ఆయన ఏ దిక్కున దున్నుతున్నారో, అందుకు కారణమేమిటో తెలుసుకొని ఒక పుటలో రాయండి.